ఫైర్‌ప్లేస్‌కి ఇన్సర్ట్ పెట్టించాలా, వద్దా: కొనేముందు తేల్చుకోవాల్సిన లెక్కలు

ఇటుకతో కట్టిన ఫైర్‌ప్లేస్‌లో మంట వేస్తే ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖం కాలిపోతుంది, వీపుకి మాత్రం చలి తగ్గదు. మంటలో లోపమేమీ లేదు, గాలి దారి అలాంటిది. నోరు తెరిచి ఉన్న మంట పొగతోపాటు గదిలోని వెచ్చటి గాలిని కూడా పెద్దఎత్తున చిమ్నీలోకి లాగేస్తుంది. ఆ ఖాళీని నింపడానికి తలుపుల కిందనుంచీ కిటికీల సందుల్లోంచీ బయటి చల్లగాలి లోపలికి చొరబడుతుంది. కట్టెలో ఉన్న వేడిలో సుమారు పదోవంతే గదికి దక్కుతుంది. మంట తగ్గి నిప్పులు మాత్రమే మిగిలాక డ్యాంపర్ (చిమ్నీ గొంతుని మూసే పలక) మూయడానికి వీలుండదు. మూస్తే కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి తిరుగుతుంది. కాబట్టి తెల్లవార్లూ వెచ్చటి గాలి పైకి పోతూనే ఉంటుంది. బాగా చలిగా ఉన్న రాత్రి లెక్క చూస్తే ఇంటికి వచ్చిన వేడికంటే పోయిందే ఎక్కువ కావచ్చు.

ఇన్సర్ట్ ఈ గాలి దారిని మారుస్తుంది. ఇది పోత ఇనుముతోనో ఉక్కు రేకుతోనో చేసిన పెట్టె. ముందు సెరామిక్ గాజు తలుపు, లోపల మంట ఇటుకలు, గాలిని నియంత్రించే మీట, పెట్టె చుట్టూ గదిగాలి తిరిగే ఖాళీ, చాలావాటికి ఒక చిన్న బ్లోయర్ ఉంటాయి. దీన్ని పాత ఫైర్‌ప్లేస్ గూట్లోకి తోసి, దాని పొగ మూతి నుంచి చిమ్నీ కొస దాకా కొత్తగా స్టీలు లైనర్, అంటే లోపలి గొట్టం, దింపుతారు. కాలడానికి ఎంత గాలి కావాలో అంతే లోపలికి వెళ్తుంది కాబట్టి కట్టెల ఇన్సర్ట్‌లో 65 నుంచి 80 శాతం వేడి గదికి అందుతుంది.

అంకెలు చూస్తే వెంటనే కొనాలనిపిస్తుంది. అయినా దుకాణానికి వెళ్లి పెట్టె నచ్చాక చిమ్నీ సంగతి ఆలోచించడం తలకిందుల పద్ధతి. ఇన్సర్ట్ బాగా పనిచేస్తుందా లేదా అన్నది ముందు ఇంట్లో దాన్ని వాడే తీరు, తర్వాత చిమ్నీ తేలుస్తాయి. పెట్టె ఎంపిక వాటి తర్వాతే. కింది మెట్లన్నీ ఆ వరసలోనే ఉన్నాయి. ఏ మెట్టు దగ్గరైనా "వద్దు" అని తేలితే అక్కడే ఆగిపోవచ్చు, అప్పటిదాకా పెద్ద ఖర్చేమీ అయి ఉండదు.

1. దేనికోసం కావాలో రాసుకోండి

చలికాలమంతా రోజూ గంటల తరబడి మంట వేస్తారా? కరెంటు పోయినప్పుడు ఆసరా కావాలా? పండగలకీ చుట్టాలు వచ్చినప్పుడూ మంట కళ్లకి కనబడితే చాలా? ఈ మూడింటికీ జవాబులు వేరు.

రోజూ వాడేవాళ్లకి కట్టెల ఇన్సర్ట్ అర్థవంతం. ఏడాదికి ఐదారుసార్లు వాడేవాళ్లకి కాదు. వాళ్లు చిమ్నీ శుభ్రం చేయించి, కొసన రబ్బరు అంచుతో గట్టిగా మూసుకునే డ్యాంపర్ పెట్టించుకుంటే వాడని రోజుల్లో వెచ్చటి గాలి పోవడం ఆగుతుంది. అది చాలా చిన్న పని. పాత ఫైర్‌ప్లేస్‌కి గాజు తలుపులు బిగిస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. అవి నిప్పులు ఆరే వేళ గాలి నష్టాన్ని తగ్గిస్తాయి, మంట ఉన్నప్పుడు గదికి వచ్చే వేడిని మాత్రం పెంచవు.

ఇంట్లో ఉబ్బసం, గుండెజబ్బు, పసిపిల్లలు ఉంటే కట్టెల మాట ఇక్కడే ఒకసారి గట్టిగా ఆలోచించండి. ఎంత మంచి ఇన్సర్ట్ అయినా కట్టె వేయడానికి తలుపు తీసిన ప్రతిసారీ కొంత సన్నటి పొగ గదిలోకి వస్తుంది. బయటికి పోయిన పొగను వాడకట్టంతా పీలుస్తుంది. అలాంటి ఇంటికి గాజు పూర్తిగా సీలు చేసిన గ్యాస్ ఇన్సర్టో, విద్యుత్తుదో మేలు.

2. మీ ఫైర్‌ప్లేస్ ఏ రకమో గుర్తించండి

టార్చి పట్టుకుని లోపలికి చూడండి. గోడలు నిజమైన ఇటుకతో, పైన పొగగొట్టం మట్టి గొట్టాలతోనో ఇటుకతోనో ఉంటే అది తాపీపని ఫైర్‌ప్లేస్. ఇటుక గీతలు అచ్చు వేసిన పలకలు కనబడినా, చుట్టూ లోహపు అంచు ఉన్నా, గాలి సందులు ఉన్నా, కప్పు మీద గుండ్రటి లోహపు గొట్టం బయటికి వచ్చినా అది ఫ్యాక్టరీలో తయారైన పెట్టె ఫైర్‌ప్లేస్. దాని చుట్టూ కర్ర చట్రమే ఉంటుంది. లోపలి అంచుమీదో, తెర వెనకో తయారీదారు పలక అంటించి ఉంటుంది. ఫోటో తీసుకోండి.

రెండో రకంలో కట్టెల ఇన్సర్ట్ పెట్టాలంటే, ఆ ఫైర్‌ప్లేస్ మోడల్‌లో అమర్చడానికి అది పరీక్షలో నెగ్గినట్టు ఇన్సర్ట్ మాన్యువల్లో స్పష్టంగా ఉండాలి. ఫైర్‌ప్లేస్ మాన్యువల్ కూడా దాన్ని అనుమతించాలి. చాలాసార్లు ఈ రెండూ కుదరవు. పెట్టె ఫైర్‌ప్లేస్ తన చుట్టూ గాలి తిరుగుతూ చల్లబడేలా తయారైంది. అందులో మరో వేడిపెట్టె ఇరికిస్తే ఆ గాలి దారి మూసుకుపోయి వెనకున్న కర్ర ఏళ్ల తరబడి వేడెక్కుతూ ఉంటుంది. అలా ఎండిపోయిన కర్ర మామూలుకంటే తక్కువ వేడికే అంటుకుంటుంది. "పట్టేస్తుంది, పెట్టేద్దాం" అనే మాట ఇక్కడ నమ్మకండి.

3. చిమ్నీని కెమెరాతో చూపించండి

ముందు చిమ్నీ శుభ్రం చేయించాలి. తర్వాత వీడియో కెమెరా కిందినుంచి కొస దాకా నడవాలి. పాత ఫైర్‌ప్లేస్‌కి కొత్త ఉపకరణం తగిలించేటప్పుడు పైపై చూపు సరిపోదు. ఆ వీడియోలో చూడాల్సినవి:

- మట్టి గొట్టాల పగుళ్లు, అతుకుల దగ్గర రాలిన గచ్చు, జరిగిన గొట్టాలు
- మంట గూటి పైన గరాటులా సన్నబడే పొగ గదిలో మెట్లు మెట్లుగా పొడుచుకొచ్చిన ఇటుకలు, అక్కడ రాలుతున్న పూత
- తళతళలాడే నల్లటి పెంకులాంటి పొర (గట్టిపడిన క్రియోసోట్, అంటే కట్టె పొగలోని తారు)
- తెల్లటి ఉప్పు మరకలు, తడి జాడలు, కొసన పగిలిన సిమెంటు కప్పు
- అదే గొట్టంలోకి మరేదైనా పొయ్యి, బాయిలర్ గొట్టం కలుస్తోందా అన్నది

చివరిది దొరికితే కట్టెల ఇన్సర్ట్‌కి ఆ గొట్టం పనికిరాదు. ఒక గొట్టానికి ఒకే ఉపకరణం.

గట్టిపడిన క్రియోసోట్ మామూలు బ్రష్షుకి ఊడదు. తిరిగే గొలుసులతోనో, రసాయనం పూసి కొన్నాళ్లు ఆగో తీయాలి. దాన్ని వదిలేసి పైనుంచి లైనర్ దింపితే మండే సరుకుని లైనర్ వెనక దాచినట్టే. చిమ్నీ లోపలి మంట 1,000 డిగ్రీల సెల్సియస్ దాటగలదు.

ఇటుక చిమ్నీకీ ఇంటి దూలాలకీ మధ్య ఎంత ఖాళీ ఉందో కూడా అటకమీద చూడండి. ఇంటి లోపలి చిమ్నీకి 5 సెంటీమీటర్లు ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. పాత ఇళ్లలో చాలాచోట్ల కర్ర ఇటుకకి ఆనుకునే ఉంటుంది. అలా ఉంటే ఇన్సులేషన్ చుట్టిన లైనర్ తప్ప వేరే దారి లేదు.

4. లైనర్: ఖర్చు తగ్గించుకోకూడని చోటు

తెరిచిన మంట కోసం కట్టిన పొగగొట్టం చాలా పెద్దది. 30 సెంటీమీటర్ల చదరపు గొట్టం వైశాల్యం 900 చదరపు సెంటీమీటర్లు. కట్టెల ఇన్సర్ట్‌కి ఎక్కువగా వచ్చే 15 సెంటీమీటర్ల గుండ్రటి మూతి వైశాల్యం సుమారు 177. ఐదు రెట్ల తేడా. అంటే ఇన్సర్ట్ పొగ ఆ పెద్ద గొట్టంలోకి వెళ్లగానే దాని వేగం ఐదోవంతుకి పడిపోతుంది. అసలే ఇన్సర్ట్ వేడిని గదికి ఇచ్చేయడంవల్ల పొగ కాస్త చల్లగానే బయల్దేరుతుంది. నెమ్మదిగా, చల్లటి ఇటుక మధ్య నడుస్తూ 120 డిగ్రీల కిందికి దిగితే అందులోని తారు ఆవిరి గోడలకి పట్టేస్తుంది. క్రియోసోట్ పుట్టేది ఇలాగే.

అందుకే గొట్టం వైశాల్యం ఇన్సర్ట్ మూతి వైశాల్యానికి మూడు రెట్లు దాటకూడదంటారు. చిమ్నీ గోడ ఒకటైనా ఇంటి బయటికి ఉంటే రెండు రెట్లే హద్దు. మామూలు ఫైర్‌ప్లేస్ చిమ్నీలు ఈ హద్దుకి దాదాపు ఎప్పుడూ లొంగవు. ఇన్సర్ట్ మూతి నుంచి కొస దాకా, అదే వ్యాసంలో, ఒకే తీరుగా లైనర్ వేయడమే సరైన జవాబు. మధ్యలో మొదటి మట్టి గొట్టం దాకా చిన్న ముక్క వేసి ఆపేసే పద్ధతి ఉంది. అసలు గొట్టమే లేకుండా పెట్టెని గూట్లోకి తోసేసిన పాత అమరికలూ ఉన్నాయి. అవి ఎన్ని చిమ్నీ మంటలకి కారణమయ్యాయో ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. అలా అమర్చిన ఇల్లు కొన్నారంటే ఈ చలికాలం దాన్ని ముట్టించకుండానే లైనర్ వేయించండి.

కట్టెలకి 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు లైనర్ తీసుకోండి. అల్యూమినియం లైనర్ కొన్ని గ్యాస్ ఉపకరణాలకే, కట్టె పొగకి అది నిలవదు. దాని చుట్టూ సుమారు 13 మిల్లీమీటర్ల మందం సెరామిక్ దుప్పటి, పైన స్టీలు వల. బయటి గోడ చిమ్నీకి ఇది తప్పనిసరి అనుకోండి. లోపలి చిమ్నీకి కూడా వేయించమనే మా సలహా. గొట్టం వేడిగా ఉంటే లాగుడు బాగుంటుంది, తారు తక్కువ పడుతుంది, శుభ్రం చేయడం తేలిక.

ఇరుకు ఎక్కడ వస్తుందంటే డ్యాంపర్ గొంతు దగ్గర. గుండ్రటి లైనర్ అక్కడ పట్టకపోతే దాన్ని కోడిగుడ్డు ఆకారంలోకి నొక్కుతారు. 15 సెంటీమీటర్ల లైనర్‌ని 11.5 సెంటీమీటర్లకి నొక్కితే వైశాల్యం సుమారు 8 శాతం తగ్గుతుంది, పొడవైన చిమ్నీ దాన్ని ఓర్చుకుంటుంది. 9 సెంటీమీటర్లకి నొక్కితే 20 శాతం పోతుంది. అలాంటప్పుడు డ్యాంపర్ చట్రాన్ని కోసి తీసేయడమే నయం.

ఎత్తు విషయం. చాలా తయారీదారులు కనీసం 4.5 మీటర్ల చిమ్నీ అడుగుతారు. కప్పు నుంచి బయటపడినచోట 90 సెంటీమీటర్లు, చుట్టూ 3 మీటర్ల లోపల ఉన్న దేనికన్నా 60 సెంటీమీటర్లు ఎత్తుండాలన్నది అందరూ పాటించే కొలత. ఒంటి అంతస్తు ఇంట్లో పొట్టి చిమ్నీ ఉంటే, ఆ మోడల్ మాన్యువల్లో ఎత్తు ఎంత రాశారో కొనేముందే చదవండి.

5. గూడు కొలవండి

టేపు, కాగితం చాలు. ఆరు కొలతలు తీసుకోండి: ముందు వెడల్పు, వెనక వెడల్పు, ముందు ఎత్తు, వెనక ఎత్తు, నేలమీద లోతు, పైన లింటెల్ దగ్గర లోతు. చివరిదాన్ని చాలామంది మరిచిపోతారు. ఫైర్‌ప్లేస్ వెనకగోడ పైకి వెళ్తూ ముందుకి వాలుతుంది. నేలమీద 60 సెంటీమీటర్లు ఉన్న గూడు ఇన్సర్ట్ పైభాగం దగ్గర 40 మాత్రమే ఉండవచ్చు. లింటెల్ ఇనుప పట్టీ ఎంత కిందికి దిగిందో కూడా చూడండి, ఇన్సర్ట్ దాని కిందనుంచే లోపలికి వెళ్లాలి. పొగ మూతికి లైనర్ తగిలించడానికి పైన చెయ్యి ఆడే ఖాళీ కూడా కావాలి.

బయటికొచ్చి మంట ముందున్న రాతి పరుపు కొలవండి. గాజు తలుపు నుంచి 40 సెంటీమీటర్లు మండని నేల ఉండాలన్నది సాధారణ కనీసం. పెద్ద మోడళ్లకి 50 దాకా, ఒక్కోదానికి కింద ఇన్సులేషన్ పలక కూడా అడుగుతారు. ఇన్సర్ట్ గది లోపలికి పొడుచుకొస్తే ఈ కొలత కూడా ముందుకి జరుగుతుంది. పైన కర్ర అలమర ఉంటే దాని అంచుకీ ఇన్సర్ట్‌కీ మధ్య దూరం మాన్యువల్ చెప్పినంత ఉండాలి. ఈ దూరాలకి సర్దుబాటు లేదు. అంతా ఇటుక కాబట్టి 150 నుంచి 250 కిలోల బరువుని గూడు మామూలుగానే మోస్తుంది, కానీ గది నేలమీదుగా దాన్ని తెచ్చే దారి కూడా చూసుకోండి.

6. ఎంత కిలోవాట్లది?

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడ, అదీ ఒకే వైపు: అవసరానికి మించి పెద్దది కొంటారు.

మామూలు ఇన్సులేషన్ ఉన్న ఇంటికి తొలి అంచనా: గది ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో లెక్కగట్టి 14తో భాగించండి. 6 మీటర్ల పొడవు, 5 వెడల్పు, 2.8 ఎత్తు గది అంటే 84 ఘనపు మీటర్లు. 84ని 14తో భాగిస్తే 6 కిలోవాట్లు. ఇన్సులేషన్ లేని పాత ఇంటికి 10తో, బాగా మూసిన కొత్త ఇంటికి 25తో భాగించండి. అదే గదికి 8.4, 3.4 వస్తాయి. రెండు రెట్లకు మించిన తేడా! ఇల్లు ఎలాంటిదో తెలియకుండా అంకె చెప్పే అమ్మకందారు మాట పట్టించుకోకండి.

6 చాలిన గదికి 12 పెడితే అరగంటలో ఉక్కపోస్తుంది. అప్పుడు గాలి మీట పూర్తిగా మూసేస్తారు. మంట చచ్చి కట్టె రగులుతూ ఉంటుంది, పొగ చల్లబడుతుంది, గాజు నల్లబడుతుంది, లైనర్‌లో తారు పేరుకుంటుంది. చిన్న పెట్టెలో ధాటిగా కాలిన మంట పెద్ద పెట్టెలో రగిలే మంటకంటే శుభ్రం. ఆ గది దాటి పక్క గదులకి వెచ్చదనం వెళ్తుందని ఎక్కువగా ఆశించకండి. తలుపులు తెరిచి ఉంటే కొంత వెళ్తుంది, కారిడార్ మలుపులు దాటి పెద్దగా వెళ్లదు. ఇంటి థర్మోస్టాట్ అదే గదిలో ఉందేమో చూడండి. ఉంటే అది ఇల్లంతా వెచ్చగా ఉందనుకుని హీటింగ్ ఆపేస్తుంది, పడకగదులు చల్లబడతాయి.

7. ఏ ఇంధనం

కట్టెలు. గదికి కరెంటు లేకున్నా వేడి వస్తుంది, బ్లోయర్ ఆగినా పెట్టె సెగ ఆగదు. రెండు రకాలున్నాయి. ఉత్ప్రేరకం లేనివాటిలో పైన చిన్న రంధ్రాల గొట్టాలు వేడిగాలి ఊదుతాయి, సుమారు 600 డిగ్రీల దగ్గర పొగే అంటుకుని మండుతుంది. ఉత్ప్రేరకం ఉన్నవాటిలో తేనెపట్టులాంటి బిళ్ల 260 డిగ్రీల దగ్గరే ఆ పని చేస్తుంది, అందుకే తక్కువ మంటతో ఎక్కువసేపు శుభ్రంగా నడుస్తాయి. కానీ బిళ్ల అరుగుతుంది, వేల గంటల తర్వాత మార్చాలి. రంగు కట్టె, చెత్త కాగితం కాలిస్తే ముందే చెడుతుంది. రోజుకి రెండుసార్లు కట్టె వేసి మిగతా వేళ వదిలేసేవాళ్లకి ఉత్ప్రేరకం బాగుంటుంది, సాయంత్రాలు మాత్రమే వాడేవాళ్లకి అక్కర్లేదు.

కట్టె ఆరుదల గురించి ఎంత చెప్పినా తక్కువే. తేమ 20 శాతం లోపు ఉండాలి. ఒక కిలో 20 శాతం తేమ కట్టెలో సుమారు 4 యూనిట్ల వేడి ఉంటుంది (యూనిట్ అంటే కిలోవాట్-గంట, కరెంటు బిల్లులోదే). తేమ 40 శాతం అయితే 2.8 యూనిట్లు. మిగతాది కాలే సరుకు తగ్గడంవల్లా, నీటిని ఆవిరి చేయడానికీ పోయింది. దీనికితోడు ఆ ఆవిరి మంటని చల్లబరిచి పొగ కాలకుండా చేస్తుంది. చీల్చి, పైన కప్పి, పక్కలనుంచి గాలి తగిలేలా పేర్చి ఏడాది, గట్టి జాతులకి రెండేళ్లు ఆరనివ్వాలి. తేమ మీటర్ ముల్లుల్ని బయటిపక్క కాదు, అప్పుడే చీల్చిన మొద్దు లోపలి ముఖంమీద గుచ్చి చూడాలి.

గుళికలు. సుమారు 6 మిల్లీమీటర్ల రంపపు పొట్టు గుళికల్ని మర కొద్దికొద్దిగా నెట్టుతుంది. ఒకే తీరు మంట, తక్కువ పొగ, చిన్న లైనర్. కానీ కరెంటు లేకపోతే ఆగిపోతుంది, ఫ్యాను చప్పుడు ఉంటుంది, కాలే గిన్నెని తరచూ గీకాలి.

గ్యాస్. రెండు గొట్టాలు ఉండేదే ఎంచుకోండి: ఒకటి బయటి గాలి తెస్తుంది, ఒకటి పొగ తీసుకెళ్తుంది, గాజు సీలు చేసి ఉంటుంది, గదిగాలితో సంబంధం ఉండదు. చిమ్నీ లేకుండా గదిలోకే వదిలే గ్యాస్ రకాలు కొన్నిచోట్ల అమ్ముతారు. అవి తేమనీ, కాలిన వాయువులనీ మీరు పీల్చే గాలిలోకే వదులుతాయి. వద్దు. పిల్లలున్న ఇంట్లో వేడి గాజుకి ముందు రక్షణ తెర తప్పనిసరి.

విద్యుత్తుది 1.5 నుంచి 2 కిలోవాట్లు ఇస్తుంది, చిమ్నీ అక్కర్లేదు, మంట బొమ్మే. ఒక గదిలో కాసేపు వెచ్చదనానికి సరిపోతుంది.

పాతది, సెకండ్ హ్యాండ్‌ది దొరికితే ధృవీకరణ పలక చూడండి. అమెరికాలో 2020 మే నుంచి కొత్త కట్టెల స్టవ్‌లకీ ఇన్సర్ట్‌లకీ గంటకు 2 గ్రాముల పొగ రేణువుల హద్దు ఉంది, మామూలు చీల్చిన కట్టెతో పరీక్షిస్తే 2.5. ఐరోపా సమాఖ్యలో 2022 జనవరి 1 నుంచి కొత్త మూత తలుపు కట్టెల ఉపకరణాలకి సీజన్ మొత్తానికి లెక్కగట్టిన సామర్థ్యం కనీసం 65 శాతం ఉండాలి. పలకా మాన్యువలూ రెండూ లేని పెట్టెని అమర్చడానికి దూరాలు ఎంతో తెలిసే మార్గమే ఉండదు. ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

8. ఇంట్లో గాలి సరిపోతుందా

కిటికీలు తలుపులు మూయండి. వంటింటి ఎగ్జాస్ట్, బాత్‌రూమ్ ఫ్యాన్లు, బట్టలు ఆరబెట్టే యంత్రం ఒకేసారి నడపండి. డ్యాంపర్ తెరిచి, ఫైర్‌ప్లేస్ నోటి దగ్గర అగరుబత్తి పొగ పట్టండి. పొగ గదిలోకి వంగితే ఇల్లు చిమ్నీలోంచి గాలి పీలుస్తోందని అర్థం. కట్టెల మంట ఉన్నప్పుడు అదే జరిగితే పొగతోపాటు కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. బయటి గాలిని నేరుగా పెట్టెకి తెచ్చే గొట్టం ఉన్న మోడల్ తీసుకోండి, పెద్ద ఎగ్జాస్ట్ లాగేసే గాలికి బదులు బయటి గాలి వచ్చే ఏర్పాటు చేయండి. ఏ ఇంధనమైనా కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆ గదిలో ఒకటి, పడకగదుల దగ్గర ఒకటి ఉండాలి.

9. డబ్బు లెక్క

పైన లెక్కగట్టిన 6 కిలోవాట్ల గదినే తీసుకోండి. రోజుకి 8 గంటలు అంటే 48 యూనిట్ల వేడి. కిలోకి 4 యూనిట్లు, 70 శాతం సామర్థ్యం అంటే కిలో కట్టె గదికి 2.8 యూనిట్లు ఇస్తుంది. కాబట్టి రోజుకి సుమారు 17 కిలోలు. 90 రోజులకి టన్నున్నర పైమాట. పేర్చిన ఆరిన కట్టె ఘనపు మీటరుకి సుమారు 400 కిలోలు అనుకుంటే 4 ఘనపు మీటర్ల చోటు, వచ్చే ఏడాదికి ఆరుతున్నది కూడా కలిపితే 8. ఆ చోటు మీకు లేకపోతే కట్టెల మాట ఇక్కడితో సరి.

అదే కట్టెని తెరిచిన మంటలో వేస్తే టన్నున్నరలో ఉన్న 6,000 యూనిట్లకి గదికి దక్కేది 600 లోపే. ఇన్సర్ట్‌లో 4,200.

ఇప్పుడు ఒక యూనిట్ వేడికి ఖర్చు చూడండి. కట్టె: కిలో ధరని 2.8తో భాగించండి. గ్యాస్ బాయిలర్: యూనిట్ ధరని 0.9తో. మామూలు విద్యుత్ హీటర్: ఉన్న ధరే. హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని కరెంటుతో లోపలికి తెచ్చే యంత్రం): 3తో. హీట్ పంప్ ఉన్న ఇంట్లో కట్టె కొని కాలిస్తే మిగిలేది చాలాసార్లు ఏమీ ఉండదు. విద్యుత్ హీటర్లతో వేడి చేసుకునే ఇంట్లో, కట్టె చౌకగానో సొంతంగానో దొరికేవాళ్లకి లెక్క బాగా తేలుతుంది.

మరో జాగ్రత్త. 4,200 యూనిట్లూ ఆదా అనుకోకూడదు. గది 22 డిగ్రీలు చాలినచోట 27 అయితే ఆ అదనపు వేడికి మీరెలాగూ డబ్బు కట్టేవారు కాదు. నిజంగా హీటింగ్ ఆపిన గంటల వేడినే ఆదాగా రాయండి. ఏటా చిమ్నీ శుభ్రం చేయించే ఖర్చు అందులోంచి తీసేయండి. పెట్టె, లైనర్, ఇన్సులేషన్, ఇటుక మరమ్మతు, అమరిక, అనుమతి ఖర్చుల మొత్తాన్ని ఆ మిగిలినదానితో భాగిస్తే ఎన్నేళ్లో వస్తుంది. పెట్టె ధర ఒక్కటే చూసి వేసిన లెక్క ఎప్పుడూ తప్పుతుంది, మిగతావి కలిసి దాదాపు పెట్టె ధరకి చేరగలవు.

ఇంటి బీమా సంస్థకి ముందుగానే తెలియజేయండి, స్థానిక అనుమతి కావాలేమో కనుక్కోండి. అనుమతి లేని అమరికవల్ల మంట వచ్చిందని తేలితే పరిహారం దగ్గర చిక్కు వస్తుంది.

10. అమర్చే రోజు గమనించాల్సినవి

లైనర్ పైనుంచి దిగుతుంది, తాడు కట్టి కిందనుంచి ఒకరు లాగుతారు. లైనర్‌మీద బాణం గుర్తు ఉంటే పొగ వెళ్లే దిక్కుకి ఉండాలి. అతుకుల్లో పై ముక్క కింది ముక్క లోపల కూర్చోవాలి, కారిన తారు బయటికి రాకుండా తిరిగి మంటలోకే పడేలా.

డ్యాంపర్ స్థాయిలో లైనర్ చుట్టూ ఉక్కు రేకుతో గట్టి మూత వేయించండి, దాని పైన సెరామిక్ ఉన్ని. చాలామంది అమర్చేవాళ్లు దీన్ని దాటేస్తారు. అది లేకపోతే పెట్టె వెనక వేడెక్కిన గాలి ఇటుక చిమ్నీలోకి ఎక్కిపోతుంది, పెద్ద బ్లోయర్ పెట్టినా ఆ నష్టం పూడదు. కొటేషన్‌లో ఈ మూత పేరు లేకపోతే రాయించుకోండి.

చుట్టూ అలంకరణ పలకల్ని మొదటి మంట అయ్యాకే బిగించమనండి. అతుకు దగ్గర పొగ కారుతుందేమో అప్పుడే కనబడుతుంది. తలుపు అంచుకి సన్నటి కాగితం పెట్టి మూసి లాగండి, నాలుగు వైపులా గట్టిగా పట్టుకోవాలి. అమరిక కోసం డ్యాంపరో ఇటుకో తీసేస్తే, ఈ ఫైర్‌ప్లేస్‌ని మార్చారని, మళ్లీ తెరిచిన మంటకి పనికిరాదని చెప్పే లోహపు పలక లోపల బిగించాలి. రేపు ఇల్లు కొన్నవాళ్లు పెట్టె తీసేసి మంట వేయకుండా.

కొనేముందే అడగాల్సిన ప్రశ్న ఒకటి: లోపలి పై పలక, అంటే పొగని మళ్లించే అడ్డుపలక, పనిముట్లు లేకుండా తీయవచ్చా? శుభ్రం చేసినప్పుడు మసి దానిమీద పడుతుంది. తీయలేకపోతే ప్రతిసారీ ఇన్సర్ట్‌నే బయటికి లాగాలి.

11. మొదటి చలికాలం

మొదటి రెండు మూడు మంటలు చిన్నవి, కిటికీలు తెరిచి. రంగు గట్టిపడుతూ వాసన వస్తుంది, పొగ కూడా. ఆ తర్వాత ఎప్పుడు ముట్టించినా పెద్ద కట్టెలు కింద, సన్నపుల్లలు పైన పేర్చి పైనుంచి అంటిస్తే పొగ తక్కువ. గాలి మీట తెరిచి లైనర్ వేడెక్కాకే తగ్గించండి.

తలుపు తీయగానే పొగ వస్తే: చిమ్నీ చల్లగా ఉంది, లేదా అడ్డుపలక జరిగింది, లేదా ఎగ్జాస్ట్ నడుస్తోంది. గాజు ప్రతిరోజూ నల్లబడితే: కట్టె పచ్చిది, లేదా గాలి మరీ తగ్గించారు. మీట మూసినా మంట తగ్గకపోతే: తలుపు అంచున గాలి చొరకుండా ఉండే తాడు అరిగింది, వెంటనే మార్చండి.

మొదటి ఏడాది సీజన్ మధ్యలో ఒకసారి లైనర్ చూపించండి. మసి పొర 3 మిల్లీమీటర్లు ఉంటే శుభ్రం చేయించే వేళ అయింది. మీ కట్టె, మీ అలవాటు ఎలా ఉన్నాయో ఆ పొరే చెబుతుంది, తర్వాత ఏడాదికి ఎన్నిసార్లు కావాలో దాన్నిబట్టి నిర్ణయించండి. బూడిదలో రెండు సెంటీమీటర్ల పొర కిందే వదిలేయండి, నిప్పులు నిలుస్తాయి. తీసింది మాత్రం మూతున్న లోహపు డబ్బాలో, ఇంటికి దూరంగా, కర్రనేల మీద కాకుండా పెట్టండి. బూడిద చాటున నిప్పు రోజుల తరబడి బతుకుతుంది.